ఖాళీ గదిలో దాచిన జాబితా

లెక్క చేయుట ఒక విద్య. చేసిన లెక్కకు శుభ్రప్రతి వ్రాయుట మఱియొక విద్య. చిత్తుప్రతిలో సరిగా వచ్చిన సమాధానము శుభ్రప్రతిలో తప్పిపోవుట ఉపాధ్యాయులందఱును ఎఱిగిన సంగతియే. విద్యార్థి అక్షరములను గుండ్రముగా వ్రాయును, కొట్టివేతలను తొలగించును, రెండు పంక్తులను కలిపి ఒకటిగా చేయును. ఆ కలుపుటలో ఒక ఋణచిహ్నము జారిపోవును. పుట చూచుటకు ముచ్చటగా నుండును. సమాధానము మాత్రము తప్పు. అట్టి పుటను దిద్దు ఉపాధ్యాయుని పని చిత్తుప్రతిని దిద్దుటకంటె కష్టము. చిత్తుప్రతిలోని గజిబిజి చదువరిని మేల్కొలుపును. శుభ్రప్రతిలోని అందము అతనిని జోకొట్టును.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికి ఈ శుభ్రప్రతి వ్రాయుట నిత్యకృత్యము. వారు దీనిని రీఫాక్టరింగ్ అందురు. ప్రోగ్రాము బయటికి చేయు పనిని ఏమాత్రము మార్చక, లోపలి అమరికను మాత్రము చక్కదిద్దుట దీని అర్థము. విలియం ఆప్డైక్ 1992లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున దీనిపై పరిశోధన వ్యాసము సమర్పించెను. మార్టిన్ ఫౌలర్ 1999లో ప్రకటించిన గ్రంథముతో ఈ మాట లోకమంతట ప్రచారమునకు వచ్చినది. అయితే ఈ పని ఎక్కడ చేసినను ఒకటి కాదు. ఆటబొమ్మ వంటి ప్రోగ్రాములో శుభ్రప్రతి తప్పినచో నవ్వి దిద్దుకొనవచ్చును. లోకుల వ్రాతలన్నింటికి చోటు పంచి యిచ్చు ప్రోగ్రాములో అది తప్పినచో ఏమగునో తెలిసికొనుట మంచిది.

చోటు పంచు గుమాస్తా

కంప్యూటరు డిస్కు ఒక పెద్ద వసతిగృహము వంటిది. అందులోని గదులన్నియు సమాన పరిమాణము గలవి. వీటికే బ్లాకులని పేరు. ప్రతి గదికి ఒక సంఖ్య ఉండును. ఒక విద్యార్థిని మార్కుల పట్టిక కాని, ఒక రోగి వైద్య వివరములు కాని, ఒక గ్రంథము కాని డిస్కుపై దాచవలసి వచ్చినపుడు దానికి తగినన్ని గదులు కేటాయింపబడును. ఏ ఫైలు ఏ గదులలో నున్నదో వ్రాసి యుంచునది ఫైలు వ్యవస్థ. ఆ వ్యవస్థలో ఏ గది ఖాళీగా నున్నదో చూచి, అడిగిన వారికిచ్చి, వదలిన దానిని మరల జమకట్టుకొను చిన్న గుమాస్తా వంటి భాగము ఒకటి కలదు. దాని పనినే బ్లాకుల కేటాయింపు అందురు.

ఈ గుమాస్తా చేయగల తప్పులు ముఖ్యముగా రెండు. ఖాళీగా నున్న గదిని నిండినదిగా వ్రాసికొనుట మొదటిది. దీనివలన ఒక గది వ్యర్థమగును. అంతకు మించిన ఆపద లేదు. నిండియున్న గదిని ఖాళీ యని వ్రాసికొని మఱియొకరికిచ్చుట రెండవది. ఇది ఘోరమైనది. ఒకరి వ్రాతపై మఱియొకరి వ్రాత పడును. ఆ సంగతి ఆనాడే తెలియదు. ఏ ఆఱు నెలలకో మొదటివాడు తన ఫైలు తెఱచి చూచినపుడు అందులో ఇతరుల అక్షరములు కనబడును. అప్పటికి తప్పు చేసిన క్షణము ఎక్కడిదో వెదకి పట్టుకొనుట మిక్కిలి దుర్లభము.

నలుబది పంక్తుల కథ

ఈ విషయమును తెలిసికొనుటకు యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమ్ చక్కని ఉదాహరణము. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు దీనికి అంకురార్పణ చేసిరి. దీని ఆరవ కూర్పు 1975లో వెలువడినది. అందలి ఫైలు వ్యవస్థలో ఒక్కొక్క బ్లాకు 512 బైట్లు. బ్లాకు సంఖ్య వ్రాయుటకు 16 బిట్లు మాత్రమే ఉండెడివి. కావున ఒక డిస్కు విభాగములో బ్లాకుల సంఖ్య 65,536కు మించుటకు వీలులేదు. అనగా 32 మెగాబైట్లకు మించి చోటు లేదు.

అందులో గది నిచ్చు ప్రోగ్రాము భాగమునకు 'అలాక్' అనియు, గదిని తిరిగి పుచ్చుకొను భాగమునకు 'ఫ్రీ' అనియు పేర్లు. 'అలాక్' అంతయు సుమారు నలుబది పంక్తులు. ఆ నలుబది పంక్తులలో ఒక మనోహరమైన యుక్తి దాగియున్నది. ఖాళీ గదులు వేలకొలది యుండగా వాటి సంఖ్యలన్నియు వ్రాసి యుంచుటకు మరల చోటు కావలెను గదా! ఆ చోటు ఎక్కడినుండి వచ్చును? థాంప్సన్ ప్రభృతులు చేసిన ఏర్పాటు ఇది. గుమాస్తా బల్లపై నూఱు సంఖ్యలు పట్టు చిన్న పట్టిక ఒకటి యుండును. తక్కిన ఖాళీ గదుల జాబితా ఖాళీ గదులలోనే దాచబడును. పట్టికలో మొట్టమొదట వ్రాసియున్న సంఖ్య గల గదిలో తరువాతి నూఱు గదుల జాబితా ఉండును. ఆ నూటిలో మొదటి గదిలో అటుపై నూఱింటి జాబితా ఉండును. ఇట్లు గొలుసు సాగిపోవును. చివర సున్న వచ్చినచో గదులు అయిపోయినవని గుర్తు. ఖాళీ గదికి వేఱే పని యేమియు లేదు కనుక, అది తన తోటి ఖాళీ గదుల లెక్కను మోయుచుండును. జాబితా కొఱకు అదనముగా ఒక్క గది యైనను వ్యయము కాదు.

గది అడిగినపుడు 'అలాక్' పట్టిక చివరినుండి ఒక సంఖ్యను తీసికొనును. ఆ సంఖ్య ఉండదగిన హద్దులలో నున్నదా యని పరీక్షించును. అది పట్టికలోని ఆఖరి సంఖ్య అయినచో, ఇవ్వబోవు ఆ గదిలో దాచిన తరువాతి జాబితాను ముందుగా బల్లపైకి ఎక్కించుకొనును. అటు పిమ్మట గదిని పూర్తిగా తుడిచి, అందు అన్నియు సున్నలు చేసి, అడిగినవానికి అప్పగించును. తుడుచుటకు కారణము లేకపోలేదు. ఫైలును తొలగించినంత మాత్రమున అందలి అక్షరములు చెఱిగిపోవు. గది ఖాళీ యని వ్రాసికొనుటయే జరుగును. తుడువక యిచ్చినచో పాత నివాసి రహస్యములు క్రొత్త నివాసికి చిక్కును.

శుభ్రప్రతిలో జారిన పంక్తి

ఇప్పుడొక యువకుడు ఈ నలుబది పంక్తులకు శుభ్రప్రతి వ్రాయబూనె ననుకొందము. అతడు చురుకైనవాడు, పని నచ్చినవాడు. ప్రోగ్రాములో ఒకే గదిని కొన్ని వేళల రెండుసార్లు తెప్పించుట అతని కంటబడును. జాబితా కొఱకు ఒకసారి, తుడుచుటకు మఱియొకసారి. రెండుసార్లు ఎందుకు? ఒకేసారి తెప్పించి, తుడిచి, అవసరమైనచో జాబితాను ఎక్కించుకొని, అప్పగించినచో పంక్తులు తగ్గును. చూచుటకు ఒద్దికగా నుండును. ఇట్లు తలచి అతడు తుడుచు పంక్తిని ముందునకు జరిపెను.

ఫలిత మేమి? పట్టికలో నూఱు సంఖ్యలున్నవను కొందము. తొంబదితొమ్మిది పర్యాయములు అంతయు సరిగా జరుగును. నూఱవ పర్యాయమున కూడ గది దొరకును. కాని ఆ గదిలో దాచియున్న జాబితా చదువుటకు ముందే తుడిచివేయబడినది. బల్లపైకి ఎక్కినవి సున్నలు మాత్రమే. నూటొకటవవాడు వచ్చి గది అడుగగా గుమాస్తా గదులు లేవనును. వసతిగృహములో వేల గదులు ఖాళీగా నుండియు, ఏ గది ఖాళీయో చెప్పగలవాడు లేడు. ఉన్న సొత్తు చోటు తెలియక లేనిదైపోవుట యనగా ఇదియే.

యువకుడు తన ప్రోగ్రామును పరీక్షింపలేదా యని అడుగవచ్చును. పరీక్షించియే యుండును. ఏబది గదులు అడిగి, ఏబదియు సరిగా దొరకినవని సంతసించియుండును. నూఱు దాటి అడుగవలెనని తోచుటకు నూటి సంగతి మనసులో నుండవలెను. ఆ సంగతి మనసులో నున్నవాడు అసలు పంక్తిని జరుపడు. పరీక్ష పనికిరాదని దీని భావము కాదు. చేసినవాని పరీక్షలో చేసినవాని మఱపు కూడ చేరియుండునని మాత్రమే భావము. అందుచేతనే రెండవ జత కన్నులు కావలసి వచ్చినవి.

ఆ నలుబది పంక్తులలో ఇట్టి మెలికలు ఇంకను కలవు. జాబితాను డిస్కునుండి తెప్పించుటకు కొంత వేళ పట్టును. ఆ వ్యవధిలో మఱియొకరు వచ్చి పట్టికను ముట్టుకొనకుండ 'అలాక్' తాళము వేయును. తాళము చూచినవాడు నిద్రపోవును. తాళము తీయగానే లేపబడును. లేచినవాడు వెంటనే లోపల ప్రవేశింపడు. తాళము నిజముగా తీసియున్నదా యని మరల చూచును. ఈ మరల చూచుట వ్యర్థమని తోచి, శుభ్రప్రతి వ్రాయువాడు 'తీయునంతవఱకు' అను మాటను 'తీయనిచో ఒకసారి' అని మార్చె ననుకొందము. ఒకే తాళము కొఱకు ఇద్దఱు నిద్రించి, ఇద్దఱును ఒకేసారి లేచిరి. మొదటివాడు లోపలికేగి మరల తాళము వేసెను. రెండవవాడు చూడకయే చొచ్చెను. ఇద్దఱి చేతులును ఒకే పట్టికపై పడినవి. ఈ తప్పు పదివేల పర్యాయములలో ఒకసారి కూడ కనబడక పోవచ్చును. ప్రయోగశాలలో ఏండ్లు నిద్రించి, పరీక్షాఫలితములు వెల్లడించు నాడు మేల్కొనవచ్చును.

మూడవ మెలిక నూఱు అను సంఖ్య. ప్రోగ్రాములో పలుచోట్ల కనబడు అంకెకు ఒక పేరు పెట్టుట మంచి శుభ్రప్రతికి లక్షణము. పేరు పెట్టుట నిరపాయము. కాని పేరు పెట్టిన వెంటనే విలువను మార్చవలెనను కోరిక పుట్టును. నూఱుకు మాఱుగా ఇన్నూఱు ఉంచినచో జాబితాను తెప్పించుకొను శ్రమ సగమగును గదా! అయితే ఆ నూఱు ప్రోగ్రాములోనే కాక డిస్కులపై కూడ వ్రాయబడియున్నది. పాత డిస్కులలోని ప్రతి జాబితాయు నూఱు లెక్కననే అమర్చబడినది. 1979లో వచ్చిన ఏడవ కూర్పులో ఈ అంకెకు నిజముగానే పేరు పెట్టబడినది. దాని విలువ 50గా నిర్ణయింపబడినది. బ్లాకు సంఖ్యలు పెద్దవై ఒక్కొక్కటి ఎక్కువ చోటు ఆక్రమించుట ఆ కూర్పులోని మార్పు. ఆరవ కూర్పు డిస్కులను ఏడవ కూర్పు యథాతథముగా చదువజాలదు. అది శుభ్రప్రతి కాదు, క్రొత్త రచన. క్రొత్త రచన చేయుట తప్పు కాదు. దానిని శుభ్రప్రతి యను పేరున చేయుటయే తప్పు.

సిడ్నీ నగరపు ఉపాధ్యాయుడు

ఇట్టి మెలికలను విద్యార్థులకు తొలుత పంక్తి పంక్తిగా చూపినవారిలో జాన్ లయన్స్ ప్రముఖుడు. అతడు ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయములో ఉపాధ్యాయుడు. ఆపరేటింగ్ సిస్టములను గూర్చి పాఠ్యగ్రంథములు చదువుటకంటె, నిజముగా పనిచేయుచున్న ఒక దానిని మొదటినుండి చివరవఱకు చదువుట మేలని అతడు తలచెను. ఆరవ కూర్పు యూనిక్స్ మూలము సుమారు తొమ్మిదివేల పంక్తులు. ఒక మనిషి ఓపికతో చదివి గ్రహింపదగిన పరిమాణము. అతడు 1976, 1977 సంవత్సరములలో ఆ మూలమును ఒక సంపుటముగను, దానికి వ్యాఖ్యానమును మఱియొక సంపుటముగను తన విద్యార్థుల కొఱకు సిద్ధపఱచెను. కావ్యమునకు మల్లినాథుని వంటివారు వ్యాఖ్య వ్రాసినట్లు, ప్రోగ్రామునకు వ్యాఖ్య వ్రాయుట అది. 'అలాక్', 'ఫ్రీ' భాగములు కూడ అందు కలవు.

ఈ సదుద్యమమునకు అడ్డంకి వచ్చినది. ఏడవ కూర్పు యూనిక్స్ లైసెన్సు నిబంధనల ప్రకారము మూలమును తరగతిలో పాఠముగా చెప్పరాదు. లయన్స్ పుస్తకము బహిరంగముగా ముద్రింపబడుటకు 1996 వఱకు వేచియుండవలసి వచ్చినది. ఈ మధ్యకాలమున అది ప్రతికి ప్రతి తీయబడి, ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి మాఱుచు ప్రపంచమంతయు తిరిగినది. ముద్రిత గ్రంథమును చూచిన రెండేండ్లకు, 1998లో, లయన్స్ పరమపదించెను.

తరగతిలో మూలము చదువరాదన్న నిషేధము మఱియొక ఉపాధ్యాయుని కదలించినది. ఆంస్టర్‌డాం నగరములోని ఆండ్రూ టానెన్‌బామ్ తన విద్యార్థులు నిర్భయముగా చదువుకొనుటకై మినిక్స్ అను చిన్న వ్యవస్థను స్వయముగా వ్రాసి 1987లో ప్రకటించెను. హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మినిక్స్‌ను ఉపయోగించుచునే 1991లో లినక్స్‌ను ప్రారంభించెను. లినక్స్ తొలి దశలో వాడినది మినిక్స్ ఫైలు వ్యవస్థయే. ఒకచోట మూయబడిన పాఠము ఇట్లు మఱియొక ద్వారమున వెలుపలికి వచ్చినది.

ఇల్లు సర్దుట, ఇల్లు కట్టుట

ఖాళీ గదుల గొలుసు అందమైనదే కాని దానిలో ఒక లోపము కలదు. వదలిన గదులు వదలిన క్రమముననే పట్టికలో చేరును. కొన్ని వారములు గడచునప్పటికి గొలుసు చిందరవందర యగును. ఒక ఫైలునకు దొరకు గదులు డిస్కునందు తలయొక దిక్కుగా నుండును. చదువుటకు డిస్కు ముల్లు ఇటునటు పరుగెత్తవలెను. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మెకుసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ అను నలుగురు ఈ సంగతిని కొలిచి 1984లో ప్రకటించిరి. బ్లాకును 1024 బైట్లకు పెంచిన తరువాత కూడ పాత వ్యవస్థ క్రొత్తగా నున్నపుడు సెకనుకు 175 కిలోబైట్ల వేగముతో చదువగలిగి, కొన్ని వారముల వాడుక పిమ్మట 30 కిలోబైట్లకు దిగజాఱెడిది. వారు గొలుసును విడనాడి, డిస్కును సమూహములుగా విభజించి, ప్రతి సమూహమునకు గది కొక చుక్క చొప్పున హాజరుపట్టీ వంటి పటమును ఏర్పఱచిరి. ఫైలులోని గదులు వీలైనంతవఱకు ఒకే చోట ఉండునట్లు చేసిరి. వేగము పాతదానికి పది రెట్ల వఱకు పెరిగినది.

లినక్స్ ఫైలు వ్యవస్థలలో ప్రసిద్ధమైన ఎక్స్ట్4 కూడ ఈ పటముల మార్గముననే నడచినది. ఇది 2008లో స్థిరరూపము పొందెను. సాధారణముగా అందు బ్లాకు 4096 బైట్లు. ఒక బ్లాకులో పట్టు పటములో 32,768 చుక్కలుండును. కావున ఒక సమూహము 128 మెగాబైట్లు. గదులను ఒక్కొక్కటిగా గాక, వరుసగా పెక్కింటిని ఒకేసారి కేటాయించు గుమాస్తా ఇందు కలదు. ఆ భాగము మాత్రమే కొన్ని వేల పంక్తులకు పెరిగినది. ఒకప్పుడు నలుబది పంక్తులలో ఇమిడిన పని ఇంతయైనది. పంక్తులు పెరిగినకొలది శుభ్రప్రతి అవసరము పెరుగును. దాని ప్రమాదమును పెరుగును. సర్దక వదలివేసిన ఇంటిలో ఏ మూల ఏమున్నదో ఇంటివారికే తెలియదు.

చదువరి బాధ్యత

పనిచేయుచున్న దానిని కదలింపనేల? అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని చదివి గ్రహింపలేని ప్రోగ్రాములో రేపటి దోషమును దిద్దుట యెట్లు? నేడు శుభ్రప్రతి వ్రాయనివాడు రేపు చీకటిలో తడవులాడును. కావున వ్రాయక తప్పదు. వ్రాసిన దానిని మఱియొకరు చదువకయు తప్పదు. ప్రోగ్రాములను పదుగురు కూర్చుండి పద్ధతి ప్రకారము చదువుటవలన కలుగు లాభమును ఐ.బి.ఎం. సంస్థకు చెందిన మైకేల్ ఫాగన్ 1976లోనే వివరించెను. లినక్స్ ప్రపంచమున ప్రతి మార్పును పదుగురి యెదుట ఉంచుట ఆచారము. చదివి ఒప్పుకొన్నవాడు మార్పు క్రింద తన పేరు చేర్చును. ఆ పేరు మార్పుతోపాటు చరిత్రలో నిలిచిపోవును. దిద్దిన పుటపై ఉపాధ్యాయుడు చేసిన సంతకము వంటిదది.

మంచి చదువరి కొన్ని నియమములను పాటించును. సర్దుటయు, క్రొత్త పనియు ఒకే మార్పులో కలిసియున్నచో రెంటిని విడదీసి తెమ్మనును. పేరు మార్పులు వేఱుగ, స్థలము మార్పులు వేఱుగ, తర్కము మార్పులు వేఱుగ నుండవలెనని కోరును. ప్రతి చిన్న మార్పును తనంత తాను నిలువగలదై యుండవలెను. దీనివలన మఱియొక ఉపకారము కలదు. వేయి మార్పులలో ఏదో యొకటి దోషమునకు కారణమని తెలిసినచో, నడిమి మార్పువద్ద పరీక్షించి సగమును త్రోసివేయవచ్చును. మిగిలిన సగములో మరల నడుమ పరీక్షింపవచ్చును. ఇట్లు పది పరీక్షలతో వేయింటిలోని దోషిని పట్టుకొనవచ్చును. రెండును పదిమాఱులు హెచ్చవేసిన 1024 వచ్చునని ఎఱిగిన బాలునికి ఈ కిటుకు తెలియనిది కాదు. 2005లో టోర్వాల్డ్స్ ప్రారంభించిన గిట్ అను పనిముట్టు ఈ వెదకులాటను సులభము చేసినది. కాని ఒక్కొక్క మార్పు వేయి పంక్తుల ముద్ద యైనచో, దోషిని పట్టియు ప్రయోజనము లేదు.

అన్నింటికంటె ముఖ్యమైనది తీసివేసిన పంక్తిని చదువుట. చేర్చిన పంక్తి తనకు తాను సాక్ష్యము చెప్పుకొనును. తీసివేసిన దాని పక్షమున మాటలాడువాడు చదువరి యొక్కడే. ఈ పరీక్ష ఇక్కడ ఎందుకుండెను? ఈ తుడుచుట దాని తరువాతనే ఎందుకు జరిగెను? లేచినవాడు మరల తాళము ఏల చూచెను? సమాధానము దొరకినచో సరి. దొరకనిచో ఆ పంక్తి వ్యర్థమని నిర్ణయించుట తొందరపాటు. అది తనకు తెలియని దేనినో కాచుచున్నదని మొదట అనుమానింపవలెను. అడుగుటవలన చదువరి గౌరవమునకు కొఱత రాదు. తెలియక సంతకము చేయుటవలననే వచ్చును.

ఆ యువకుని పంక్తిని చదువరి పట్టుకొన్నచో లోకమునకు తెలియవలసినది ఏమియు మిగులదు. డిస్కులు నిండును, ఖాళీ యగును. మార్కుల పట్టికలు భద్రముగా నుండును. కృతజ్ఞత చెప్పువారు లేరు. ఉపాధ్యాయుడు పసినాడు దిద్దిన దోషము శిష్యుని జీవితములో ఎన్నడును తలయెత్తక పోవునట్లే ఇదియును. యువకుడు మాత్రము నూఱవ గదిలో జాబితా దాగియున్నదని ఆనాడు తెలిసికొనును; తుడుచు పంక్తిని దాని చోటికి చేర్చి, అట్లేల ఉండవలెనో దానిపై రెండు మాటలు వ్రాసి పెట్టును. తరువాతివాడు ఆ రెండు మాటలు చదువును. శుభ్రప్రతికి నిజమైన శోభ అదియే.